పిల్లి రాత్రంతా అరుస్తోంది.. నొప్పా, ఎదా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా 8 నెలల ఆడ పిల్లి 5 రోజులుగా రాత్రంతా అరుస్తూ, నేల మీద పొర్లుతోంది. కడుపునొప్పా? ఒక్క ఈతైనా ఈనాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి అది ఎదకు, అంటే మగ పిల్లితో జతకట్టే దశకు, వచ్చినట్లే ఉంది. తోక మొదట్లో మెల్లగా నిమిరి చూడండి. ముందుకాళ్ల మీద వంగి, నడుము పైకెత్తి, తోకను ఒక పక్కకు తిప్పి, వెనక కాళ్లతో ఉన్నచోటే తొక్కుతూ ఉంటే అది ఎద లక్షణమే. కుక్కల్లో కనిపించే రక్తస్రావం పిల్లుల్లో సాధారణంగా ఉండదు కనుక, చాలామంది దీన్ని నొప్పిగా పొరబడి ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేస్తుంటారు. ఒక్క మాత్రతోనే పిల్లి ప్రాణం పోవచ్చు, దయచేసి ఆ పని చేయకండి. అయితే తిండి మానేసినా, మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా, చీములాంటి స్రావం కనిపించినా అదే రోజు పశువైద్యునికి చూపించాలి.

ఎద సుమారు వారం ఉంటుంది. పిల్లుల్లో అండం సాధారణంగా మగ పిల్లితో కలిసిన తర్వాతే విడుదలవుతుంది కాబట్టి, కలయిక జరగకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ ఇదే అరుపు మొదలవుతుంది. పగటి వెలుగు పెరిగే కొద్దీ ఎద ఎక్కువవుతుంది. హైదరాబాద్‌లో చలికాలంలోనూ పగలు దాదాపు 11 గంటలు ఉంటుంది, దానికి ఇంట్లో ట్యూబ్‌లైట్ల వెలుగు తోడవుతుంది. అందుకే ఇక్కడి ఇంటి పిల్లులు ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు.

ఈ వారం బాల్కనీ, వంటగది కిటికీలకు జాలీ బిగించండి. తలుపు కాస్త తెరిచి ఉన్నా జారుకుంటుంది, చూలు కడితే సుమారు 9 వారాల్లో ఈనుతుంది. అరుస్తోందని కొట్టవద్దు, అది దాని చేతిలో లేదు. పడుకునే ముందు కాసేపు ఆడించండి. ఎద ఆగడానికి హార్మోన్ మాత్రలు సొంతంగా వాడవద్దు, రొమ్ములు వాచడం, గర్భసంచిలో చీము పట్టడం, మధుమేహం రావడం నేను భయపడే ప్రమాదాలు.

ఒక ఈత ఈనితే ఆరోగ్యానికి మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. పిల్లుల్లో రొమ్ము గడ్డలు ఎక్కువగా క్యాన్సరే అవుతాయి, ఏడాది లోపు ఆపరేషన్ చేయిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఎద సమయంలో గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువ కనుక, ఈ ఎద తగ్గిన వారానికి, మళ్లీ ఎద రాకముందే చేయించడం మంచిది. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలోగానీ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోగానీ ఇప్పుడే అడిగి తేదీ తీసుకోండి. ఆపరేషన్ తర్వాత 10 రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ ఉంచాలి.