ఫొటోల బ్యాకప్‌కి ఆర్ డిస్కా, ఆర్‌డబ్ల్యూ డిస్కా?

ప్రశ్న: ఫొటోలు, వీడియోలు కలిపి 40 జీబీ దాకా ఉన్నాయి. అన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉండడంతో, అది పోతే ఎలా అని టెన్షన్. డీవీడీల్లో రైట్ చేసి దాచుకుందామనుకుంటున్నాను. చెరిపి మళ్లీ వాడుకోవచ్చు కదా, ఆర్‌డబ్ల్యూ కొంటే మంచిదా?

జవాబు: వద్దండి. దాచుకునే వాటికి ఒక్కసారి మాత్రమే రాయగలిగే ఆర్ డిస్కే మేలు. చెరపగలిగే డిస్క్ ఏదో ఒక రోజు పొరపాటున చెరిగిపోతుంది కూడా. డీవీడీ అట్ట మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.38 జీబీయే కాబట్టి మీకు పది డిస్కుల దాకా పడతాయి. బ్లూ-రే రైటర్ ఉంటే 25 జీబీవి రెండు చాలు, కాకపోతే వాటిలో ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్నవి తీసుకోకండి, వాటిలోనూ మామూలు డీవీడీ-ఆర్‌లో లాగే వెలుతురుకి దెబ్బతినే సేంద్రియ రంగు పొరే ఉంటుంది.

అసలు చాలామంది వదిలేసే పని ఒకటుంది. రైట్ చేసే ముందు సాఫ్ట్‌వేర్‌లో 'వెరిఫై' అనే గడిలో టిక్ పెట్టండి. సమయం ఎక్కువే పడుతుంది, పట్టనివ్వండి, రాసిన ప్రతి ఫైల్‌నీ అది మళ్లీ చదివి అసలుతో పోల్చి చూస్తుంది. తర్వాత అదే డిస్క్‌ని వేరే కంప్యూటర్‌లో పెట్టి, పెద్ద వీడియో ఒకటి చివరిదాకా ఆడించి చూడండి. రాసే వేగం విషయానికొస్తే, 16ఎక్స్ వేగం దాకా రాయగలిగే డిస్క్ అయితే 8ఎక్స్‌లో రాస్తే సరిపోతుంది, మరీ 1ఎక్స్‌కి దించితే బాగా వస్తుందన్నది ఉత్త నమ్మకమే. ఇదంతా అయ్యాక కూడా హార్డ్ డిస్క్‌లోవి డిలీట్ చేయకండి, చేస్తే మళ్లీ ఒక్క కాపీయే మిగులుతుంది!

ప్రశ్న: పాత సీడీలు కొన్ని ఓపెన్ కావడం లేదు. కింది వైపు ఒక్క గీత కూడా లేదు. ఎందుకిలా?

జవాబు: పైవైపు చూశారా? సీడీలో డేటా ఉండే పొర లేబుల్‌కి ఆనుకునే ఉంటుంది, దాని మీద పల్చటి వార్నిష్ లాంటి పూత తప్ప ఏమీ ఉండదు. బాల్ పెన్నుతో నొక్కి పేరు రాసినా, అతికించిన స్టిక్కర్ పీకినా ఆ పొర దెబ్బతింటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, సూది గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తే అక్కడ పొర లేచిపోయినట్టే, ఆ భాగం ఇక రాదు. చుక్కలేమీ లేకపోతే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి, ఒకటి చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే, చదివిన వెంటనే కాపీ చేసేసుకోండి.