ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే ముందు సర్జన్ కావాలి

ప్రశ్న: బైపీసీ చదువుతున్నాను. బొమ్మలు బాగా వేస్తాను. ప్లాస్టిక్ సర్జన్ కావాలని ఉంది. ‘అందాలు దిద్దే పనికి అంత చదువెందుకు?’ అంటున్నారు నాన్న. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఈ కోర్సు చేయవచ్చా? మొత్తం ఎన్నేళ్లు పడుతుంది?

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. ముక్కు తీర్చిదిద్దడం, ముడతలు తీయడం ఈ విభాగంలో ఒక మూల మాత్రమే. కాలిన ఒంటికి చర్మం అతకడం, గ్రహణమొర్రితో పుట్టిన పిల్లల పెదవి కలపడం, యంత్రంలో పడి తెగిన వేళ్లను తిరిగి అతికించడం, క్యాన్సర్ వల్ల దవడ తీసేసిన వారికి కాలి ఎముకతో కొత్త దవడ కట్టడం కూడా వీరి పనే. 1954లో తొలిసారి మూత్రపిండ మార్పిడిని విజయవంతం చేసి, 1990లో నోబెల్ బహుమతి అందుకున్న జోసెఫ్ మర్రే ప్లాస్టిక్ సర్జనే. కాలిన సైనికులకు వేరొకరి చర్మం ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్న ఆయనను అటు నడిపించింది. ఈ కథ నాన్నగారికి చెప్పి చూడండి.

ఇక దారి. నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత నీట్ పీజీతో ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు. ఆపైన సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి, ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ప్లాస్టిక్ సర్జరీ మరో మూడేళ్లు. ఎక్కడా ఆగకపోతే పదకొండున్నరేళ్లు. పరీక్షల సన్నద్ధతకు ఒకటి రెండేళ్లు అదనంగా పోతాయనే లెక్క వేసుకోండి. నేరుగా చేరే దారీ ఉంది: ఎంబీబీఎస్ తర్వాత ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ అర్హత) కోర్సు. దీనివల్ల ఒక ప్రవేశ పరీక్ష తప్పుతుందే గానీ ఏళ్లేమీ తగ్గవు. మూడూ మూడూ కలిపినా ఆరే కదా! విదేశాల్లోనూ దగ్గరి దారి లేదు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల వైద్య విద్య అయ్యాక ప్లాస్టిక్ సర్జరీ శిక్షణే ఆరేళ్లు సాగుతుంది.

చాలామంది తడబడేది ఎంఎస్ దగ్గర. ముఖాలు తీర్చిదిద్దాలన్న కలతో వచ్చినవారు అర్ధరాత్రి చిల్లుపడిన పేగుకు కుట్లు వేస్తూ ‘నేనెందుకు ఇక్కడున్నాను?’ అనుకుంటారు. కానీ రక్తస్రావాన్ని ఆపడం, రోగి పరిస్థితి చేయి దాటుతున్నదని గుర్తించడం అక్కడే వంటబడతాయి. ఆ మూడేళ్లను భరించాల్సిన శిక్షగా చూసేవారు ఈ వృత్తికి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎంసీహెచ్‌లో మైక్రోసర్జరీ వస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలపాలి. గంటల తరబడి నిలబడి ఆపరేషన్ ముగించాక కూడా, అతికించిన కండ రంగు ఎలా ఉందో రాత్రంతా చూస్తూ ఉండాలి. నీలంగా మారితే రోగిని వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకువెళ్లాలి. మీ బొమ్మల నైపుణ్యం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. కత్తి పెట్టే ముందు చర్మంపై కలంతో గీత గీస్తారు. ఎక్కడి చర్మాన్ని ఎటు తిప్పితే ఖాళీ నిండుతుందో ముందే కంటికి కట్టాలి.

ఒక హెచ్చరిక. కొద్ది వారాల్లో ‘కాస్మెటిక్ సర్జన్’ను చేస్తామనే సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలు కనిపిస్తాయి. అవి ఎంసీహెచ్‌కు సాటిరావు.

ఇప్పటికి మీరు తేల్చుకోవాల్సింది వైద్యం చదవాలా వద్దా అన్నదొక్కటే. ప్లాస్టిక్ సర్జరీ సంగతి ఇంటర్న్‌షిప్‌లో ఆలోచిద్దాం. అప్పుడు అనుమతి అడిగి కాలిన రోగుల వార్డులో ఓ వారం గడపండి, ముఖ్యంగా ఉదయం కట్లు మార్చే వేళ. ఎనిమిదో రోజు కూడా వెళ్లాలనిపిస్తే ఎంఎస్‌కు సిద్ధం కండి.