ఎండాకాలం పాకాలకు పోవచ్చా?

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా ఇద్దరు పిల్లలను పాకాల చెరువుకు తీసుకెళ్దామనుకుంటున్నాను. మా వారేమో "నీళ్లు తగ్గి ఉంటాయి, పక్షులు వెళ్లిపోయి ఉంటాయి, వానలు పడ్డాక పోదాం" అంటున్నారు. నిజంగానే చూడడానికి ఏమీ ఉండదా? పిల్లలకు అక్కడి చరిత్ర కూడా కొంచెం చెప్పాలని ఉంది.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. మత్తడి దూకే రోజుల్లో చెరువు అందమే వేరు, కాదనను. కానీ ఆ చెరువును ఎట్లా కట్టారో కంటికి కనిపించేది ఎండాకాలంలోనే.

మా నాన్న మా ఊరి చెరువుకు నీరటి. ఏప్రిల్ వచ్చిందంటే నన్ను వెంటబెట్టుకొని కట్ట పొడుగునా నడిచేవాడు. ఎక్కడ రాయి జారింది, ఎక్కడ ఎలుకలు బొక్కలు పెట్టాయి, తూము ముందు ఎంత పూడిక పేరుకుంది, అన్నీ చూసుకునేవాడు. "నిండా నీళ్లున్నప్పుడు చెరువు తన జబ్బు బయటికి చెప్పదురా" అనేవాడు. అరవై దాటిన ఈ వయసులో కూడా నేను ఏ చెరువుకు పోయినా ముందు తూము దగ్గరికే పోతాను.

పాకాల చెరువు 1213 నాటిది. ఓరుగల్లును కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్న కాలం. కట్టించింది మాత్రం రాజు కాదు, ఆయన మంత్రి బయ్యన నాయకుడి కొడుకు జగదాల ముమ్మడి. ఈ పేరు పిల్లలకు తప్పకుండా చెప్పండి. పెద్ద చెరువు అనగానే మనం రాజు పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటాం. ఆ రోజుల్లో మనిషి వెనక మిగిలే ఏడు సంతానాల్లో తటాకాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టేవారు. కన్నకొడుకు ఎంతో, తవ్వించిన చెరువు అంత.

కట్ట మీద నిలబడి రెండు కొసలా ఉన్న గుట్టలను చూపించండి. ఒక గుట్ట నుంచి ఇంకో గుట్ట దాకా మట్టికట్ట పోసి, వాగు పోయే సందును మూశారు. అంతే, మిగతా పని గుట్టలే చేసిపెట్టాయి. నిండితే దాదాపు 30 చదరపు కిలోమీటర్లు పరుచుకునే నీళ్లకు మనుషులు కట్టిన గోడ ఈ ఒక్క కట్టే. ఖమ్మం పక్క నుంచి పారే మున్నేరుకు పుట్టినచోటు కూడా ఇదే. నీళ్లు దిగిపోయినప్పుడు కట్టకు లోపలివైపు పేర్చిన రాళ్లు బయటపడతాయి. అలలు మట్టిని కోసుకుపోకుండా ఆపేవి అవే. నీళ్లు ఒక్కో మెట్టు ఎట్లా దిగాయో ఆ రాళ్ల మీద చారలుగా కనిపిస్తుంది. పిల్లలతో ఆ చారలు లెక్కపెట్టించండి.

ఇక పక్షుల సంగతి. మీ వారు చెప్పింది సగం నిజం. మంచుకొండల అవతలి నుంచి చలికాలం వచ్చే బాతులు సెలవులు మొదలయ్యేసరికే వెళ్లిపోతాయి. మనవి మాత్రం ఎక్కడికీ పోవు. పైగా నీళ్లు తగ్గి చేపలు, నత్తలు ఒక్కచోటికి చేరతాయి కాబట్టి పక్షులు కూడా అక్కడికే చేరతాయి. నత్తగొట్టు కొంగను దగ్గరగా చూడాలంటే ఇదే అదను. దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. నత్తను బురదలోంచి తీసి, గుల్లలోంచి మాంసం లాగేసి, గుల్లను అక్కడే వదిలేస్తుంది. ఒడ్డున ఖాళీ గుల్లల కుప్ప కనిపిస్తే దాని పనే కావచ్చు. నీటికాకి రెక్కలు చాపుకొని మోడు మీద ఆరబెట్టుకుంటూ ఉంటుంది. గుడ్డికొంగ మామూలు రోజుల్లో బురద రంగులో కలిసిపోయి కనిపించదు కదా, వానలు దగ్గరపడేకొద్దీ దాని వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఆ మార్పు నేను మొదటిసారి గమనించినప్పుడు ఇది వేరే పక్షేమో అనుకున్నాను.

అడవి అంచున రేలచెట్లు పచ్చటి పూలగుత్తులు వేలాడేసుకొని ఉంటాయి. తునికిపళ్లు దొరికితే పిల్లలకు రుచి చూపించండి. పాలపిట్ట ఎగిరేదాకా ఆగి చూడమనండి, దాని నీలం అంతా రెక్కల్లోనే ఉంది.

జాగ్రత్తలు కొన్ని. తెల్లారేసరికి కట్ట మీద ఉండాలి, తొమ్మిదికల్లా నీడకు చేరాలి. ఒకసారి మే నెలలో "ఇంకొక్క పక్షి" అనుకుంటూ పదకొండు దాకా తిప్పి, మా మనవడికి వడదెబ్బ తగిలేలా చేశాను. వాడు ఆ సాయంత్రం దాకా కళ్లు తెరవలేదు. ఆ టెన్షన్ మీకు వద్దు. నీళ్లల్లోకి మాత్రం పిల్లలను దింపకండి, పాకాలలో మొసళ్లు ఉన్నాయి. చుట్టూ ఉన్నది అభయారణ్యం, ఎలుగుబంట్లు కూడా తిరిగే అడవి. అటవీశాఖ వారిని అడగకుండా లోపలికి పోవద్దు.

ప్రశ్న: తీతువు పిట్ట ఇంటి మీదుగా అరుస్తూ పోతే కీడు జరుగుతుందని మా నానమ్మ అంటుంది. నిజమా తాతయ్యా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, నర్సంపేట

జవాబు: నాన్నా, మీ నానమ్మ చెప్పినట్టే మా అమ్మ కూడా చెప్పేది. అది అరిచేది మన కోసం కాదు, తన గుడ్ల కోసం. తీతువు గూడు కట్టదు. ఎండాకాలంలో చెరువు శిఖంలో, అంటే నీళ్లు దిగి బయటపడిన నేలలో, గులకరాళ్ల నడుమ చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల మీది మచ్చలు రాళ్లలాగే ఉంటాయి, పక్కనే నిలబడినా కనిపించవు. కుక్కో మనిషో అటు వస్తే తల మీద చక్కర్లు కొడుతూ అరుస్తుంది. రాత్రిపూట కూడా కాపలా కాస్తుంది కాబట్టే దాని అరుపు మనకు చీకట్లో వినబడుతుంది, భయమేస్తుంది.

మంచి ఎండలో అది నీళ్ల దగ్గరికి పోయి పొట్ట కింది ఈకలు తడుపుకొని, వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. గుడ్లు ఉడికిపోకుండా ఆ తడితో చల్లబరుస్తుంది. నీకు చూడాలని ఉంటే దూరం నుంచి, కదలకుండా చూడు. అది అరవడం మొదలుపెట్టిందంటే గుడ్లు దగ్గరలోనే ఉన్నాయని అర్థం. అక్కడే ఆగి, వచ్చిన దారినే అడుగు చూసుకుంటూ వెనక్కి నడువు. మీ నానమ్మను కూడా ఒక ఉదయం వెంట తీసుకుపో.