తోక ఎత్తాకే ఫెయిరింగ్ పట్టుకో

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇంజిన్ ఎక్కించేశానని, ఇక ఆ నాలుగు ఫైబర్‌గ్లాస్ ముక్కలు బిగిస్తే అయిపోయినట్టేనని ఫోన్‌లో అన్నావు. అప్పటి నుంచి నీకు రాయాలనే ఉంది. రివెట్లు కొట్టడంలో నీ చెయ్యి నాకంటే నిలకడైనదని నాకు తెలుసు. కానీ నా ఆర్‌వీ-7 కిట్ విమానానికి గేర్ లెగ్ ఫెయిరింగ్‌లు (చక్రాల కాళ్లకి గాలి సాఫీగా జారేలా వేసే తొడుగులు), వీల్ ప్యాంట్లు (చక్రాల మీది తొడుగులు) కుదిరేసరికి నాకు పట్టినన్ని వారాంతాలు ఒక రెక్కకి కూడా పట్టలేదు.

మన విమానం టెయిల్‌వీల్‌ది, అంటే చిన్న చక్రం తోక కింద ఉంటుంది. గరాజ్‌లో ముక్కు పైకెత్తి, తోక నేల మీద పెట్టుకుని కూర్చుంటుంది. రోజూ అలాగే చూసీ చూసీ మన కంటికి అదే సరైన వాటం అనిపిస్తుంది. ఆ వాటంలో నేలకి సమంగా వీల్ ప్యాంట్ బిగించావనుకో, గాల్లోకి వెళ్లి విమానం మట్టంగా ఎగిరేటప్పుడు అది ముక్కు కిందికి వంచుకుని ఉంటుంది. అందుకని తోక ఎత్తకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు. కాక్‌పిట్ అంచున పొడుగ్గా సాగే కమ్మీ, అదే లాంజెరాన్, దాని మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా తోక లేపు. అడ్డంగా కూడా చూడు. చక్రాల మీద బరువు లేకుండా రెక్కల కింద జాకీలు పెట్టు. ఆ గుండ్రటి ఉక్కు కాళ్లు బరువు పడితే పక్కకి సాగుతాయి, గాల్లో మళ్లీ దగ్గరికి వస్తాయి. మనకి కావాల్సింది గాల్లో ఉండే వాటమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. తోక లేచేకొద్దీ విమానం బరువు చక్రాల వైపు, ముందుకి జరుగుతూ వస్తుంది. ఇంజిన్ కూడా ఎక్కింది కదా, తోక తేలిగ్గా లేచేస్తుంది. అలా లేచి ఉన్నప్పుడు ఎవరైనా కౌలింగ్ (ఇంజిన్ మూత) మీద చెయ్యి ఆన్చితే ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుంటుంది. తోకని స్టాండు మీద పెట్టి ఊరుకోకుండా కిందికి లాగి కట్టెయ్యి. జాకీలు ఎక్కించేటప్పుడు ఒంటరిగా చెయ్యొద్దు, పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వొద్దు.

తర్వాత నేల మీద విమానం నడిమి గీత సుద్దతో కొట్టు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు, దారం ఉంటాయి చూడు, అంతకంటే మంచి పరికరం ఈ పనికి లేదు. లెగ్ ఫెయిరింగ్ ముందంచు మధ్య నుంచి ఒకసారి, అదే ఎత్తులో వెనకంచు నుంచి ఒకసారి గుండు వదిలి నేల మీద చుక్కలు పెట్టు. రెండు చుక్కలూ నడిమి గీతకి ఒకే దూరంలో ఉండాలి. పైభాగంలో చూశాక కింద కూడా చూడు. పైన సరిపోయి కింద మెలి తిరిగి ఉండడం మామూలే.

నేను ఈ పని మొదటిసారి కంటి అంచనాతో చేశాను. ఎగిరితే, విమానం పక్కకి జారుతోందా అని చూపించే పరికరంలోని బాల్ ఎప్పుడూ పక్కకే ఉండేది. గంటల తరబడి ఒక కాలు రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ మీద నొక్కిపట్టి నడిపాను. రడ్డర్ మీద అనుమానపడ్డాను, రెక్క మీద అనుమానపడ్డాను. రడ్డర్ అంచుకి చిన్న చెక్క అతికించి కూడా చూశాను. చివరికి మీ అత్తయ్య దారం పట్టుకుంటే నేను కొలిచాను. విమానం ఎడమ కాలి ఫెయిరింగ్ వెనకంచు పావు అంగుళం పైచిలుకు బయటికి తిరిగి ఉంది. విప్పి, తిప్పి, మళ్లీ బిగించాక బాల్ మధ్యలో నిలబడింది. అంత వేగంలో ఆ కాలు కూడా ఒక చిన్న రడ్డరే.

వీల్ ప్యాంట్‌కి టైరు పైన ఒక అంగుళం మందం చెక్కముక్క పెట్టి, దాని మీద ప్యాంట్‌ని ఆనించి నిలబెట్టు. పక్కల్లో వేలు ఆడాలి. నువ్వు గడ్డి రన్‌వే మీద దిగుతానంటున్నావు కాబట్టి ఇంకాస్త వదులుగా కొయ్యి. లోపల బురద పేరుకుంటే చక్రం బిగుసుకుంటుంది. అడుగు భాగం మరీ కిందికి వదిలితే టైరు గాలి పోయిన రోజున నేలకి రాసుకుంటుంది. టైరులో గాలి కొట్టడానికి పక్కన చిన్న రంధ్రం చేసి మూత పెట్టు. అది లేకపోతే గాలి చూడ్డానికి ప్రతిసారీ అన్ని స్క్రూలు విప్పడం విసుగై, చూడ్డమే మానేస్తాం.

ఇక ఫైబర్‌గ్లాస్ పని. ముక్క అచ్చులోంచి వచ్చినప్పుడు దాని మీద మైనం ఉంటుంది. ముందు అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టు. వరస తారుమారైతే ఆ మైనాన్ని మనమే లోపలికి రుద్దినట్టవుతుంది, పైన వేసిన పొర నెలల తర్వాత పెచ్చులా లేస్తుంది. గ్లాస్ గుడ్డని తడిపే జిగురు వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీ అయితే 105 రెజిన్ 5 పాళ్లు, 205 గానీ 206 గానీ హార్డెనర్ 1 పాలు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. కలిపింది కప్పులోనే ఉంచితే వేడెక్కి పొగలు కక్కుతుంది, వెడల్పాటి పళ్లెంలో పోసుకో. గరాజ్ చల్లగా ఉందని అసిటోన్ పక్కన మంట హీటర్ మాత్రం వెలిగించకు. గ్లాస్ గుడ్డ తెల్లగా ఉన్నచోట ఇంకా తడవలేదని, అద్దంలా కనిపించిన చోట తడిసిందని గుర్తు. పైన పీల్ ప్లై (గట్టిపడ్డాక ఊడదీసేసే గుడ్డ) పరిచి వదిలెయ్.

కాలు ప్యాంట్‌ని కలిసే మూల దగ్గర కొంచెం తీరిగ్గా కూర్చో. క్లే మట్టితో వంపు తీర్చి, బొటనవేలితో నున్నగా రాసి, మీద ప్యాకింగ్ టేప్ అంటించి, ఆ టేప్ మీద గుడ్డ పొరలు వెయ్యి. టేప్‌కి ఎపాక్సీ అంటదు కాబట్టి మర్నాడు చిప్పలా ఊడి వస్తుంది. గుంటలు పూడ్చే మైక్రో (సన్నటి గాజు బుడగల పొడి కలిపిన ఎపాక్సీ) గారెల పిండంత గట్టిగా ఉండాలి, జారుడుగా ఉంటే నిలువు గోడ మీద నిలవదు. స్క్రూ రంధ్రాల చుట్టూ బలం కావాలంటే మాత్రం మైక్రో పనికిరాదు, ఫ్లాక్స్ (నూలు పీచు పొడి) కలుపు.

చేతులకి గ్లవ్స్, ముక్కుకి రెస్పిరేటర్ లేకుండా చెయ్యనని నాకు మాటివ్వు. ఎపాక్సీ ఒకసారి ఒంటికి సరిపడక అలర్జీ వచ్చిందంటే ఇక జన్మంతా సరిపడదు. గ్లాస్ దుమ్ము చల్లటి నీళ్లతో కడుక్కో.

అన్నీ కుదిరాక కూడా మొదటి గంటలు వీల్ ప్యాంట్లు లేకుండానే ఎగరమంటాను. టెయిల్‌వీల్‌ మీద కొత్తలో బ్రేకులు ఎక్కువ తొక్కుతాం. అవి ఎంత వేడెక్కుతున్నాయో, ఎక్కడైనా కారుతోందో కళ్లకి కనిపించాలి. ప్యాంట్లు వేసిన రోజు బరువు లెక్క మళ్లీ రాసుకో.

మీ తాతయ్య ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రీ ఇచ్చిన ఇత్తడి గుండు నా దగ్గరే ఉంది. నా విమానానికి దాన్నే వాడాను. కొత్త దారం కట్టి పార్సిల్ చేశాను, బుధవారానికి అందుతుంది. వచ్చాక ఫోన్ చెయ్యి, తోక లేపే రోజు నేనూ వస్తాను.

మీ మామయ్య