చిప్ డిజైన్ టూళ్లు, వాటి పరిశోధన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. డిజైన్ ఆటోమేషన్ (చిప్‌లను రూపొందించే సాఫ్ట్‌వేర్) పరిశోధనలోకి వెళ్లాలని ఉంది. అదంతా ప్రోగ్రామింగే, సర్క్యూట్ల చదువు అక్కరకు రాదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. రోజువారీ పని సీ ప్లస్ ప్లస్‌లోనే నడుస్తుంది. కానీ ఏ ప్రోగ్రామ్ రాయాలో చెప్పేది సర్క్యూటే. చిప్ మీద 1 మిల్లీమీటరు తీగ తీసుకోండి. దాని నిరోధం 1000 ఓములు, కెపాసిటెన్స్ 200 ఫెమ్టోఫారాడ్లు అనుకుందాం. తీగ పొడవునా పరుచుకున్న ఆర్‌సీకి (ఆర్ అంటే నిరోధం, సీ అంటే కెపాసిటెన్స్) ఎల్మోర్ ఆలస్యం, అంటే సిగ్నల్ అవతలి చివరకు చేరే సమయపు అంచనా, ఆ రెండింటి లబ్ధంలో సగం, అంటే 100 పికోసెకన్లు. తీగ 2 మిల్లీమీటర్లయితే ఆర్, సీ రెండూ రెట్టింపై ఆలస్యం 400కి చేరుతుంది. మధ్యలో 30 పికోసెకన్లు తీసుకునే బఫర్ (సిగ్నల్‌ను మళ్లీ బలంగా నడిపే గేటు) పెడితే 100, 30, 100 కలిపి 230తో సరిపోతుంది. (బఫర్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్, డ్రైవర్ నిరోధం కలిపితే అంకెలు కొంచెం పెరుగుతాయి, ధోరణి మారదు.)

ఎల్మోర్ ఈ సూత్రాన్ని 1948లో యాంప్లిఫయర్ల కోసం ఇచ్చారు. కొమ్మలున్న తీగలో బఫర్లు ఎక్కడ పెట్టాలో డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో తేల్చే పద్ధతిని 1990లో వాన్ గినెకెన్ దానిమీదే కట్టారు. ఆర్‌సీ తెలియనివాళ్లకు ఆ అల్గారిథమ్ తట్టేది కాదు. నెట్‌వర్క్ థియరీ, గ్రాఫ్ అల్గారిథమ్‌లు రెండూ గట్టిగా చదవండి. ఒకటే వచ్చినవాళ్లు చాలామంది దొరుకుతారు, రెండూ వచ్చినవాళ్లు అరుదు.

ప్రశ్న: స్పైస్ (సర్క్యూట్ ప్రవర్తనను లెక్కించే ప్రోగ్రామ్) సిమ్యులేషన్ "టైమ్‌స్టెప్ మరీ చిన్నదైంది" అని మధ్యలో ఆగిపోతోంది. టాలరెన్స్ (లెక్కలో అనుమతించే తప్పు) సడలించమని సలహా ఇచ్చారు. చేయవచ్చా?

జవాబు: అది ఆఖరి మందు. ముందు నెట్‌లిస్ట్ (సర్క్యూట్ భాగాలు, వాటి కనెక్షన్ల జాబితా) చూడండి. గ్రౌండ్‌కు డీసీ దారి లేని నోడ్ ఉందా? ఉదాహరణకు రెండు కెపాసిటర్ల మధ్య చిక్కుకున్న నోడ్. ఉంటే అక్కడి నుంచి గ్రౌండ్‌కు పెద్ద రెసిస్టర్ పెట్టండి. పల్స్ సోర్స్‌లో రైజ్ టైమ్ సున్నా ఇచ్చారేమో చూసి, నిజమైన విలువ ఇవ్వండి. ఆదర్శ స్విచ్‌లకు ఆన్ నిరోధం మరీ తక్కువ, ఆఫ్ నిరోధం మరీ ఎక్కువ పెడితే మ్యాట్రిక్స్ చెడిపోతుంది.

ఇంకొక్కటి. బర్క్లీ స్పైస్ నుంచి వచ్చిన సిమ్యులేటర్లలో ఎమ్ అక్షరం పెద్దదైనా చిన్నదైనా మిల్లీయే. మెగాకు ఎమ్-ఈ-జీ అని రాయాలి. మెగా ఓము అనుకుని ఒక్క ఎమ్ రాస్తే అది మిల్లీ ఓము అవుతుంది, సర్క్యూట్ షార్ట్ అయినట్టే. ఇవన్నీ సరిచూశాకే టాలరెన్స్ సంగతి.

ప్రశ్న: టేపౌట్ (డిజైన్‌ను తయారీకి పంపడం) దగ్గర పడ్డాక హోల్డ్ తప్పులు (క్లాక్ అంచు తరువాత డేటా కావలసినంత సేపు నిలవకపోవడం) బయటపడ్డాయి. సెటప్ తప్పయితే (డేటా క్లాక్ అంచుకు ముందు సమయానికి చేరకపోతే) క్లాక్ తగ్గించి చిప్ వాడుకోవచ్చంటారు. హోల్డ్‌కు ఆ అవకాశం ఎందుకు లేదు?

జవాబు: లెక్కలో క్లాక్ పీరియడే లేదు కాబట్టి. డేటా పంపే ఫ్లాప్ (క్లాక్ అంచున ఒక బిట్‌ను పట్టి ఉంచే భాగం) నుంచి వెలువడడానికి 50, దారిలోని లాజిక్‌కు 20, మొత్తం 70 పికోసెకన్లలో కొత్త డేటా అవతలి ఫ్లాప్‌ను చేరిందనుకోండి. ఆ ఫ్లాప్‌కు క్లాక్ 60 పికోసెకన్లు ఆలస్యంగా వస్తోంది, హోల్డ్ అవసరం 30. అంటే పాత డేటా 90 దాకా నిలవాలి, 70కే చెరిగిపోతోంది. స్లాక్ (మిగులు సమయం) మైనస్ 20. రెండు ఫ్లాప్‌లూ స్పందించేది ఒకే క్లాక్ అంచుకు, కనుక తరువాతి అంచు ఎంత దూరంలో ఉన్నా ఫలితం ఒకటే.

మందు డిలే బఫర్. అది ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. అందుకునే ఫ్లాప్ డీ పిన్ (డేటా ఇన్‌పుట్) పక్కనే పెట్టండి. పంపే ఫ్లాప్ దగ్గర పెడితే దాని నుంచి వేరే చోట్లకు వెళ్లే దారులన్నీ నెమ్మదిస్తాయి, వాటిలో సెటప్‌కు ఇరుకుగా ఉన్నవి తెగుతాయి. ఫాస్ట్ కార్నర్‌లో (గేట్లు అతి వేగంగా నడిచే పరిస్థితిలో) 30 పికోసెకన్లిచ్చే బఫర్ స్లో కార్నర్‌లో (అతి నెమ్మదిగా నడిచే పరిస్థితిలో) దానికి రెట్టింపు కూడా తినవచ్చు. అందుకే ఆ డీ పిన్‌లో స్లో కార్నర్ సెటప్ స్లాక్ ఎంత మిగిలిందో చూశాకే పెట్టాలి. హోల్డ్‌ను ఫాస్ట్ కార్నర్‌లో మాత్రమే చూసి వదిలేయడం కూడా ప్రమాదమే. క్లాక్ కొమ్మల మధ్య తేడా స్లో కార్నర్‌లో పెరిగి, కొత్త దారులు తప్పుతాయి.

స్కాన్ చెయిన్‌ను (పరీక్ష కోసం ఫ్లాప్‌లను వరసగా కలిపిన గొలుసును) ప్రత్యేకంగా చూడండి. ఫ్లాప్‌కూ ఫ్లాప్‌కూ మధ్య లాజిక్ ఏమీ ఉండదు కనుక ఎక్కువ తప్పులు అక్కడే దొరుకుతాయి. చెయిన్ ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్‌కు దాటేచోట లాకప్ లాచ్ (డేటాను అర క్లాక్ ఆపి ఉంచే భాగం) తప్పనిసరి. క్లాక్ ట్రీ (క్లాక్‌ను ఫ్లాప్‌లన్నింటికీ చేర్చే కొమ్మలు) కట్టకముందు హోల్డ్ సరిచేస్తూ కూర్చోవద్దు, ఆ బఫర్లలో చాలావాటి అవసరం తరువాత ఉండదు.

ప్రశ్న: ఒక కంపెనీ పరిశోధన విభాగంలో ప్లేస్‌మెంట్ (గేట్ల వంటి సెల్‌లను చిప్ మీద ఎక్కడ పెట్టాలో తేల్చడం) మీద పనిచేస్తున్నాం. మా అల్గారిథమ్ బెంచ్‌మార్క్‌లలో తీగ పొడవు బాగా తగ్గించింది. డిజైన్ బృందాలు మాత్రం వాడడం లేదు. ఏం లోపం?

జవాబు: తీగ పొడవు మీ కొలత. వాళ్లకు కావలసింది రూటింగ్ (తీగలు వేయడం) అయ్యాక టైమింగ్. తీగలు ఒకేచోట కిక్కిరిస్తే రూటర్ చుట్టు తిప్పుతుంది, మీరు ఆదా చేసిన పొడవు అక్కడే పోతుంది. కాబట్టి ముగిసిన ప్రాజెక్టుల నెట్‌లిస్ట్‌లు అడిగి తీసుకుని, ఇప్పటి టూల్‌నూ మీదాన్నీ పక్కపక్కన చివరిదాకా నడపండి. రూటింగ్ పూర్తయ్యాక అతి చెడ్డ స్లాక్, మొత్తం నెగటివ్ స్లాక్, డిజైన్ రూల్ తప్పుల సంఖ్య, పట్టిన సమయం, మెమరీ పట్టిక వేసి చూపండి. ఓడిన డిజైన్లను దాచకండి. నమ్మకం కుదిరేది అవి కూడా చూపినప్పుడే.

తరువాత, ఒకే ఇన్‌పుట్‌కు ప్రతిసారీ ఒకే అవుట్‌పుట్ రావాలి. ఇది లేక ఆగిపోయిన మంచి పరిశోధన చాలా ఉంది. నిన్న సరిపోయిన టైమింగ్ ఇవాళ ఏమీ మార్చకుండానే తప్పితే ఏ డిజైనరూ ఆ టూల్‌ను మళ్లీ ముట్టుకోరు. పాయింటర్ విలువల మీద సార్ట్ చేయడం, పాయింటర్ కీలున్న హాష్ టేబుల్‌ను వరసగా తిరగడం సాధారణ కారణాలు. మెమరీ చిరునామాలు ప్రతి రన్‌లో మారతాయి కనుక వరస మారుతుంది. పాయింటర్‌కు బదులు ప్రతి సెల్‌కు సంఖ్య ఇచ్చి దానితో సార్ట్ చేయండి. రెండో కారణం థ్రెడ్‌లు. ఫ్లోటింగ్ పాయింట్ కూడిక వరస మారితే చివరి బిట్లు మారతాయి, సమానంగా ఉన్న రెండు ఖర్చుల్లో ఏది చిన్నదన్న తీర్పు తిరగబడుతుంది, అక్కడి నుంచి మొత్తం ప్లేస్‌మెంటే వేరైపోతుంది. థ్రెడ్‌ల ఫలితాలను ఏది ముందు ముగిసిందో చూడకుండా ముందే నిర్ణయించిన వరసలో కలపండి.

ఇంకా పెద్ద అడ్డంకి చివరి నిమిషం మార్పులు. టేపౌట్ ముందు పది గేట్లు మారితే మీ టూల్ లక్ష సెల్‌లు కదిలిస్తుందా? అలాగైతే వారాల తరబడి చేసిన సరిదిద్దుళ్లన్నీ వృథా. మారిన గేట్ల చుట్టుపక్కల మాత్రమే కదిలించే ఇంక్రిమెంటల్ పద్ధతిని మొదటి రోజు నుంచే డేటా స్ట్రక్చర్‌లో కట్టాలి. తరువాత అతికించాలంటే కోడ్ సగం తిరగరాయాలి.

క్రాష్ వస్తే ఫిర్యాదుతోపాటు మొత్తం చిప్ పంపుతారు. దాన్ని సగానికి కోస్తూ, తప్పు ఇంకా కనిపిస్తున్న ముక్కను మళ్లీ కోస్తూ, కొన్ని పదుల గేట్లకు కుదించే స్క్రిప్ట్ రాసుకోండి. ఆ చిన్న ముక్క రాత్రివేళ నడిచే రిగ్రెషన్‌లో (పాత తప్పులు మళ్లీ రాలేదని చూసే పరీక్షల్లో) శాశ్వతంగా ఉండాలి.

ప్రశ్న: సిమ్యులేటెడ్ అనీలింగ్ ఇప్పటికీ పనికొస్తుందా?

జవాబు: ఐబీఎం పరిశోధకులు కర్క్‌ప్యాట్రిక్, గెలాట్, వెక్కీ 1983లో ప్రకటించిన పద్ధతి ఇది: మొదట ఖర్చు పెంచే కదలికలనూ ఒప్పుకుంటూ, "టెంపరేచర్" అనే విలువను దించుతూ అలాంటివి క్రమంగా తగ్గిస్తారు. లక్షల సెల్‌ల ప్లేస్‌మెంట్‌కు ఇప్పుడు అనలిటికల్ పద్ధతులే వేగం. ఫ్లోర్‌ప్లాన్, అనలాగ్ లేఅవుట్, ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక ప్రోగ్రామ్ చేసుకునే చిప్) వంటి చోట్ల అనీలింగ్ హాయిగా నిలిచింది. మొదటి టెంపరేచర్ దాదాపు అన్ని కదలికలూ ఆమోదం పొందేంత ఎక్కువగా ఉండాలి. తరువాత ప్రతి మెట్టులో 0.9 నుంచి 0.95తో గుణిస్తూ దించండి. ఖర్చును కదిలిన సెల్ తాకే నెట్‌లకే (సెల్‌లను కలిపే కనెక్షన్లకే) లెక్కించండి. అలా కూడుతూ పోతే దశాంశాలను కుదించడంలో వచ్చే చిన్న తప్పులు పేరుకుంటాయి కనుక ప్రతి మెట్టు చివర మొత్తం ఖర్చును మొదటి నుంచి లెక్కించి సరిచూడాలి. రెండూ గణనీయంగా తేడా పడితే అది ఆ కుదింపు తప్పు కాదు, మీ కోడ్‌లో బగ్.

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఇదే రంగం. మేనేజర్‌గా మారకపోతే ఎదుగుదల ఆగుతుందా? పేపర్లా, పేటెంట్లా, వేటికి సమయం ఇవ్వాలి?

జవాబు: పెద్ద పరిశోధన సంస్థల్లో సాంకేతిక నిచ్చెన విడిగా ఉంటుంది. రాబర్ట్ డెన్నార్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీరుగా 1958లో ఐబీఎంలో చేరి, 1968లో డీర్యామ్ (కంప్యూటర్ మెమరీ చిప్) పేటెంట్ పొందారు. ట్రాన్సిస్టర్ల కుదింపు నియమాల పేపర్ 1974లో వచ్చింది. 1979లో ఐబీఎం ఫెలో (అక్కడి అత్యున్నత సాంకేతిక హోదా) అయ్యారు. అయితే ఆ నిచ్చెన మీ సంస్థలో కాగితం మీదే ఉందా, నిజంగా ఎవరైనా ఎక్కారా అని ముందు విచారించండి. ఎవరూ ఎక్కి ఉండకపోతే చోటు మారడం గురించి ఆలోచించవచ్చు.

ఇరవై ఏళ్లు ఒకే సమస్య మీద ఉండడం మాత్రం మంచిది కాదు. టైమింగ్, సింథసిస్, ప్లేస్‌మెంట్, టెస్ట్ అన్నీ ఒకే నెట్‌లిస్ట్ గ్రాఫ్ మీద నడుస్తాయి కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం అనుకున్నంత కష్టం కాదు.

పేపర్, పేటెంట్ రెండూ చేయవచ్చు, వరస తప్పకూడదు. ముందు సంస్థకు ఇన్వెన్షన్ డిస్‌క్లోజర్ (ఆవిష్కరణ వివరాల పత్రం) ఇవ్వండి, దరఖాస్తు దాఖలయ్యాక పేపర్ పంపండి. అమెరికాలో బయటపెట్టాక ఒక ఏడాది గడువుంటుంది. చాలా దేశాల్లో అలాంటి వెసులుబాటు లేదు, ముందే ప్రచురిస్తే హక్కు పోతుంది. సదస్సులో స్లైడ్లు చూపడం కూడా ప్రచురణ కిందికే రావచ్చు. డిస్‌క్లోజర్‌లో అల్గారిథమ్ మెట్లు, ఒక చిన్న ఉదాహరణ, ఇప్పటి పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో చూపే అంకెలు, ఆలోచన మొదట రాసుకున్న తేదీ, తోడ్పడిన వారందరి పేర్లు ఉండాలి. ఆవిష్కర్తల జాబితాలో ఒకరిని వదిలేసినా, సంబంధం లేనివారిని చేర్చినా తరువాత పేటెంటే చిక్కుల్లో పడవచ్చు.