ప్రింట్ ముదురుగా వస్తే ముందు ప్రింటర్‌ని అనుమానించకండి

నీటిరంగుల బొమ్మను స్కాన్ చేసి కాటన్ పేపర్ మీద ప్రింట్ తీస్తే స్క్రీన్ మీద కనిపించినట్టు రావడం లేదని, ముదురుగా, డల్‌గా వస్తోందని, ఇంకా ఖరీదైన ప్రింటర్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నాదీ ఇదే కథ. తప్పు ప్రింటర్‌లో లేదు, నా మానిటర్ వెలుగులో ఉంది.

సాయంత్రం వేళ ఒడ్డున ఆగిన పడవ బొమ్మ అది. పడవ కింది నీడలో తాడు చుట్టలు స్క్రీన్ మీద స్పష్టంగా కనిపించేవి. ప్రింట్‌లో అక్కడ ఒక నల్లటి ముద్ద. మూడు షీట్లు పాడయ్యాక, ఖాళీ తెల్ల కాగితం ఒకటి మానిటర్ పక్కన లైటు కింద పెట్టి చూశాను. స్క్రీన్‌లోని తెలుపు ముందు కాగితం బూడిద రంగులో కనిపించింది! బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రెండు తెలుపులూ దగ్గరయ్యేదాకా వచ్చేసరికి, స్క్రీన్ మీద కూడా తాడు మాయమైంది. ఆ నీడలను కాస్త పైకి లేపి మళ్లీ తీస్తే తాడు పోగులతో సహా కాగితం మీదికి వచ్చింది. ప్రింట్ పని కోసం స్క్రీన్ వెలుగు సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల (వెలుగు కొలమానం) మధ్య పెడతారు. కొత్త మానిటర్లు దీనికి రెండు మూడింతల వెలుగుతో వస్తాయి. కొనాల్సింది ఏదైనా ఉంటే స్క్రీన్ వెలుగును, రంగులను కొలిచే కలరిమీటర్ కొనండి. కంటి అంచనా రోజుకోలా ఉంటుంది.

ఇంకొకటి తప్పకుండా చూడండి. స్క్రీన్ రంగులను ప్రింటర్‌కి తగ్గట్టు మార్చే పని (కలర్ మేనేజ్‌మెంట్) ఒక్కరే చేయాలి: ఫోటోషాప్‌కి అప్పగిస్తే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి. రెండూ చేస్తే ముఖాలకు గులాబీ ఛాయ ఎక్కేస్తుంది. నాకు ఇది తెలియక రంగులు చేత్తో సరిదిద్దుతూ రెండు వారాలు తంటాలు పడ్డాను.

ఐసీసీ ప్రొఫైల్, అంటే కాగితం మీద రంగులు ఎలా వస్తాయో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైల్, మీ ప్రింటర్‌కి, ఆ ఇంకుకి, ఆ పేపర్‌కి సరిపోయేదే వాడాలి. చాలా పేపర్ కంపెనీలు ఉచితంగానే ఇస్తాయి. దానితో పాటు చెప్పిన మీడియా టైప్‌నే (కాగితం రకం) డ్రైవర్‌లో ఎంచుకోండి. అది మారితే కాగితం మీద పడే ఇంకు మోతాదు మారుతుంది, ప్రొఫైల్ ఉండీ లేనట్టే. తర్వాత సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించేది) పెట్టి పేపర్ తెలుపును కూడా చూపించమనండి. అది ఆన్ చేసే క్షణంలో కళ్లు పక్కకి తిప్పుకోండి, లేకపోతే బొమ్మ ఒక్కసారిగా డల్ అవడం చూసి గుండె జారుతుంది. మాట్ (మెరుపు లేని) కాటన్ పేపర్ మీద నలుపు, గ్లాసీ (మెరిసే) పేపర్ మీద వచ్చినంత లోతుగా రాదు. అది దాని స్వభావం, లోపం కాదు.

మొత్తం బొమ్మ తీసే ముందు, ముదురు నీడ, మెరిసే రంగు, లేత ఆకాశం మూడూ వచ్చేలా ఒక పట్టీ మాత్రమే ప్రింట్ చేయండి. కాగితం మీద రాని రంగులను సర్దే పద్ధతుల్లో రిలేటివ్ కలరిమెట్రిక్‌తో ఒకటి, పర్సెప్చువల్‌తో ఒకటి. ఊదా, ముదురు నీలం ఉన్న చోట తేడా ఎక్కువ తెలుస్తుంది. ఇంకు ఆరనిచ్చి ఒక గంట తర్వాత చూడండి. పసుపు బల్బు కింద కాదు, కిటికీ దగ్గర పగటి వెలుగులో. ఫ్రేమ్ కట్టించాలంటే ఒక రోజు ఆగడం మంచిది.

ఈ పట్టీ కూడా ముదురుగానే వస్తే, డ్రైవర్‌లో ఏ మీడియా టైప్ పెట్టారో ఇక్కడ రాయండి, చూద్దాం.