చెరకు వైవిధ్యం కొలవడానికి వరి సూత్రాలు వాడొద్దు

మీరు అడిగింది ఇదీ: 40 చెరకు రకాలకు 24 ఎస్ఎస్ఆర్ మార్కర్లు (డీఎన్ఏలో చిన్న ముక్కలు పదేపదే వచ్చే చోట్ల గుర్తులు) వేశారు, పీఐసీ (మార్కర్ రకాల మధ్య తేడాని ఎంత చూపగలదన్న కొలత) సగటు 0.88 వచ్చింది, హెటిరోజైగోసిటీ (ఒకే జన్యువుకి వేర్వేరు రూపాలు ఎంత మేర ఉన్నాయన్నది) మాత్రం సాఫ్ట్‌వేర్‌లో లెక్క తేలడం లేదు, గైడుగారేమో వారంలో టేబుల్ కావాలంటున్నారు.

సాఫ్ట్‌వేర్ చేసింది మంచి పనే. ఆ కాలమ్ తీసేయండి. పీఐసీ కూడా మళ్ళీ కట్టాలి.

నేనూ ఈ గోతిలోనే పడ్డాను. మాది అనకాపల్లి వైపు, కార్శి (నరికాక మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే చెరకు) తోటల్లో ఆడుకుంటూ పెరిగినవాణ్ణే. కానీ ఎమ్మెస్సీ వరి మీద చేసి, ఆ తర్వాత బెంగళూరులో చెరకు ప్రాజెక్టులో చేరాను. వరికి వాడిన ఎక్సెల్ షీటునే తెచ్చి చెరకుకి తొడిగాను. ఒక్క ప్రైమరుకి (డీఎన్ఏలో మార్కర్ చోటుని పట్టే చిన్న ముక్క) ఒకే మొక్కలో ఆరేడు బ్యాండ్లు (జెల్ మీద డీఎన్ఏ గీతలు) కనిపించేసరికి ప్రైమర్ పాడైందనుకుని రెండు వారాలు దాన్నే తిట్టుకున్నాను. దాని తప్పేం లేదు, చెరకు నైజమే అంత.

మన చెరకుకి మూలమైన శాకరమ్ అఫిసినేరమ్‌లో 80 క్రోమోజోములు. చెరువు గట్ల మీద పెరిగే రెల్లు ఉంది చూశారూ, శాకరమ్ స్పాంటేనియమ్, అందులో 40 నుంచి 128 దాకా. ఈ రెండింటి సంకరాలే ఇప్పుడు పొలాల్లో ఉన్నవి. వీటిలో 100 నుంచి 130 క్రోమోజోములు, ఒక్కో జన్యువుకి పది అటూ ఇటుగా కాపీలు. జెల్ మీద బ్యాండు ఉంది సరే, ఆ అల్లీల్ (జన్యువు రూపం) ఒక కాపీలోనే ఉందా, ఆరింటిలో ఉందా? జెల్ చెప్పదు. కాపీల సంఖ్యే తెలియనప్పుడు అల్లీల్ ఫ్రీక్వెన్సీ ఎక్కణ్ణుంచి తెస్తాం? అది లేకుండా హెటిరోజైగోసిటీ కట్టలేం.

అందుకని ప్రతి బ్యాండునీ విడి లక్షణంగా తీసుకుని ఉంటే 1, లేకపోతే 0 వేయండి. అప్పుడు పీఐసీ 2f(1−f), ఇక్కడ f అంటే ఆ బ్యాండు ఎంత వంతు రకాల్లో కనిపించిందన్నది. సరిగ్గా సగం రకాల్లో ఉంటే వచ్చేది 0.5, అంతకు మించి రావడానికి వీల్లేదు. మీకు 0.88 వచ్చిందంటే, ఫ్రీక్వెన్సీల వర్గాలు కూడి 1లోంచి తీసేసే డిప్లాయిడ్ (వరిలా ఒక్కో జన్యువుకి రెండే కాపీలుండే పంటల) సూత్రం పెట్టి ఉంటారు. అలా అచ్చయిన పేపర్లు లేకపోలేదు. కానీ వైవాలో ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

పోలిక గుణకం దగ్గర ఇంకో చిక్కుంది. రెండు రకాల్ని 100 బ్యాండ్ల దగ్గర పోల్చారనుకోండి. 30 రెండింటిలోనూ ఉన్నాయి, 20 ఒకదాంట్లోనే ఉన్నాయి, 50 రెండింట్లోనూ లేవు. సింపుల్ మ్యాచింగ్‌లో పోలిక 0.80, జకార్డ్‌లో రెండింట్లోనూ లేనివి వదిలేస్తే 30 బై 50 అంటే 0.60. లేని బ్యాండ్లని కూడా చుట్టరికం కింద లెక్కేయడం వల్ల వచ్చిన తేడా అది. పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే చర్య) సరిగా నడవకపోయినా బ్యాండు రాదు, అదీ చుట్టరికమేనా? నేను జకార్డే వాడతాను. అలాంటిదే మరో గుణకం డైస్ వాడినా నాకు పేచీ లేదు.

డీఎన్ఏ గురించి ఒక్క మాట. మొవ్వులో చుట్టుకుని ఉన్న లేత ఆకు తీసుకోండి, సీటాబ్ బఫరులో (డీఎన్ఏ తీసే ద్రావణం) పీవీపీ (ఫీనాళ్ళని పట్టేసే పొడి) వేయండి. డీఎన్ఏ శుద్ధిని చూపే 260/230 నిష్పత్తి పడిపోతే చక్కెరలూ ఫీనాళ్ళూ పోలేదని అర్థం.

ఇక బ్రీడింగ్ సంగతి. డెండ్రోగ్రామ్ (రకాల పోలికల్ని చూపే చెట్టు బొమ్మ) గీసి ఊరుకోకుండా పక్కన వంశవృక్షం పెట్టి చూడండి. దక్షిణాదిని ఏలిన కోయంబత్తూరు (కో) రకం కో 86032కి తల్లిదండ్రులు కో 62198, కోసీ 671. ఆ కోసీ 671కి ఒక జనకం కో 775. 2009లో విడుదలై ఉత్తరాదిని కమ్మేసిన కో 0238కి కూడా ఒక జనకం అదే కో 775. మండ్యలో ఒకటి, మీరట్‌లో ఒకటి, రెండింటి పుట్టిల్లూ ఒకటే. కోయంబత్తూరు నుంచి 1918లో కో 205 వచ్చింది మొదలు రెల్లు రక్తం కలుస్తూనే ఉంది, కానీ మొదట్లో వాడిన అడవి క్లోన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఎర్ర కుళ్ళు తెగులు వచ్చి కో 0238ని ఊళ్ళకు ఊళ్ళే వదిలేశాయంటే, అంత మేర ఒకే క్లోను ఉండటమూ ఒక కారణమే. కాబట్టి మీ 40లో కో రకాలే ఉంటే చెట్టు గుబురుగా ఒకచోట ముద్దవుతుంది. రెండు మూడు రెల్లు క్లోన్లు, ఒకటి రెండు నోబుల్ చెరకులు (శుద్ధ అఫిసినేరమ్) కలపండి, దూరాలు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

మార్కర్లు చాలా అంటే, సంఖ్య ఏ పేపర్లోంచీ ఎత్తుకు రాకండి. మీ 24ని యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఆ రెండు సగాల దూరాల పట్టికలు (మ్యాట్రిక్సులు) ఎంత కలుస్తాయో చూసే మాంటెల్ పరీక్ష చేయండి. పొంతన బాగా కుదిరితే చాలు. నాకు 12 దగ్గర చెట్టు ఊగింది, 20 దాటాక నిలబడింది.

చివరిగా, ఒకే రకాన్ని రెండు చోట్ల నుంచి తెచ్చి రెండు పేర్లతో పెట్టండి. చెరకు ముచ్చెతో (నాటే గడ ముక్క) పెరిగేది గనక రెండూ ఒకే బ్యాండ్లు చూపించాలి. మండ్య నుంచి బస్సులో మోసుకొచ్చిన నా కో 86032లు చెట్టులో చెరో మూలకి పోయాయి. మూడు జెల్లులు మళ్ళీ నడిపి, ఆఖరికి తోటకి వెళ్తే తేలింది: నాటేటప్పుడే పక్క వరుస ముచ్చెలు కలిసిపోయాయి. కణుపు దగ్గర కన్ను ఆకారమే వేరుగా ఉంది, గడలు నరికి తెచ్చిన రోజు నేను దాన్ని చూడనేలేదు.